బంతి లేనప్పుడు

సోమవారం

ప్రియమైన పొట్టీ,

గెలిచారు, సంతోషం. శనివారం సాయంత్రం నుంచి అమ్మ మన గడప తొక్కినవాళ్లని ఎవర్నీ వదలట్లేదు. పొద్దున గ్యాస్ సిలిండర్ తెచ్చినాయన కూడా నువ్విచ్చిన ఆ రెండో గోల్ పాస్ గురించి మొత్తం విని, తల ఊపి, ఆ తర్వాతే సిలిండర్ కిందికి దించుకోగలిగాడు.

నేను ఎప్పటిలాగే రెండుసార్లు చూశాను. మొదటిసారి అమ్మ పక్కన కూర్చుని, అందరిలాగే బంతి వెంట. రెండోసారి ఒక్కదాన్నే, బంతిని వదిలేసి, నిన్నూ నిన్ను ఆపడానికి నీకెదురుగా నిలబడ్డ వాళ్ల రైట్ బ్యాక్‌నీ మాత్రమే. బంతి లేనప్పుడు నువ్వేం చేస్తున్నావో నీకు తెలుసా? నడుం మీద చేతులు పెట్టుకుని బస్సు కోసం చూసేవాళ్లలా నిలబడుతున్నావు. ముప్పై ఒకటో నిమిషం నుంచి నలభై దాకా అదే పని. ఎడమ వింగ్‌లో ఆడేదానికి బంతి రానప్పుడే అసలు పని ఉంటుందని నీకు ఎన్నిసార్లు రాయాలి?

ఇంకోటి. గోల్ ముందుకి క్రాస్ వేసేముందు తలెత్తి చూస్తున్నావు. నువ్వు ఎటు చూస్తే అటే వేస్తావని వాళ్ల గోల్‌కీపర్‌కి ఇరవయ్యో నిమిషానికే తెలిసిపోయింది. బంతి కాలికి రాకముందే చూసుకో, వచ్చాక చూడకు. నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకునేవాళ్లకి రోజూ చెప్పేది కూడా ఇదే, అద్దంలో ముందు చూడండి, స్టీరింగ్ తర్వాత తిప్పండి అని. కింద బొమ్మ వేశాను. చుక్కల గీత నువ్వు వెళ్లింది, నిండు గీత వెళ్లాల్సింది.

నా సంగతులకేం, ఉన్నచోటే ఉన్నాను. కొత్తగా ఒక రిటైరైన బ్యాంకు మేనేజరుగారు చేరారు. మలుపు రాగానే కళ్లు మూసుకుంటారు. నా వైపు కూడా ఒక బ్రేకు ఉంది కాబట్టి ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను.

శనివారం మీకు వాన పడింది కదా. ఆ బురద చూస్తుంటే నాకు పదకొండేళ్ల కిందటి మ్యాచ్ గుర్తొచ్చింది. ఆ రోజు క్లబ్బు మనిషి వచ్చింది నన్ను చూడటానికి. నా కాలు బురదలో దిగబడి మోకాలు మెలిపడి, నన్ను నలుగురు మోసుకెళ్తుంటే నా బదులు నువ్వు దిగావు. ఆసుపత్రిలో నాకు కట్టు కడుతుండగా అమ్మ పరుగెత్తుకొచ్చి, "చిన్నదాన్ని తీసుకుంటారట" అంది. అన్నాక నా ముఖం చూసి, నర్సుని మంచినీళ్లు అడిగింది. నిన్ను తెర మీద చూసినప్పుడల్లా ఒక్క క్షణం నా కడుపులో మండుతుంది పొట్టీ. తర్వాత తగ్గుతుంది. నీకు చెప్పక ఇంకెవరికి చెప్పుకోను?

ఫోన్ చెయ్యకు. ఫోన్లో మనిద్దరం రెండో నిమిషానికే పోట్లాడుకుంటాం. రాయి.

ప్రేమతో తిట్టే,
అక్క


శుక్రవారం

ప్రియమైన అక్కా,

ఉత్తరం అందింది. నడుం మీద చేతుల సంగతి చదివి సిగ్గేసింది. నిన్న ప్రాక్టీసులో రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియక దొంగలా తిరిగాను.

నీకు కడుపుమంట ఉందని రాశావు. ఇక్కడికొచ్చి ఒక వారం ఉంటే చల్లారిపోతుంది. మాకు కొత్త పిల్ల వచ్చిందని చెప్పాను కదా, పందొమ్మిదేళ్లది. అందరూ రాకెట్ అంటున్నారు. అదీ ఎడమ వింగే. బట్టలు మార్చుకునే గదిలో నా పక్క హుక్కే దానికిచ్చారు. నేను మడమలకీ మోకాళ్లకీ పట్టీలు చుట్టుకుంటూ అరగంట కూర్చుంటాను. అది బూట్లు తొడుక్కుని, జుట్టు ముడేసుకుని, మూడు నిమిషాల్లో బయట ఉంటుంది. పోనీ పొగరుందా అంటే అదీ లేదు. "మీరు ఆడేది చూస్తూ పెరిగాను" అంది మొన్న. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

అసలు విషయం రాస్తాను. నా కాంట్రాక్టు ఈ సీజన్‌తో అయిపోతుంది. ఈ కప్పు ముగిశాక తేలుస్తామన్నారు. సెమీఫైనల్ గెలిచి, ఫైనల్లో మొదటి నిమిషం నుంచి నేను దిగితేనే ఇంకో రెండేళ్లు ఇస్తారు. లేకపోతే దండ వేసి పంపించేస్తారు. ఇరవై తొమ్మిదేళ్లకి నేను ఏం పని చేస్తానో చెప్పు, నాకు కారు నడపడం కూడా రాదు.

సెమీస్‌లో నాకెదురుగా ఆడేది ఆ పొడుగు రైట్ బ్యాక్. నాలుగు నెలల కిందట లీగ్‌లో తగిలింది, గుర్తుందా? దాని గురించి మళ్లీ ఒకసారి వివరంగా రాయి. నల్ల ఇంకుతో రాయి, పెన్సిల్ బొమ్మలు సరిగ్గా కనపడట్లేదు. బొమ్మ కాస్త పెద్దది వెయ్యి. వీలైతే వాళ్ల మధ్యలో ఆడేవాళ్లలో ముందు ఎవరు అలసిపోతారో కూడా రాయి.

మా సహాయ కోచ్, అదే చీటీల మాస్టారు, మ్యాచ్ మధ్యలో చీటీలు రాసి పంపుతుంటాడే, ఆయన నిన్ను అడిగానని చెప్పమన్నాడు. అమ్మకి ముద్దులు.

నీ,
పొట్టి


బుధవారం

ప్రియమైన చెల్లెలికి,

పత్రికలో నీ ఇంటర్వ్యూ వచ్చింది. అమ్మ కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పాలు తీయాలన్నా, నీళ్లు తీయాలన్నా నీ ముఖం చూసి తీయాలి. ఫోటో బాగుంది.

"ఈ ఆట మీకు ఎవరు నేర్పారు?" అని అడిగితే, "ఎవరూ నేర్పలేదు, సహజంగా వచ్చేసింది" అన్నావు. మూడుసార్లు చదివాను. ముద్రణలో తప్పేమో అని కూడా చూశాను.

మన ఇంటి వెనక గోడకి సుద్దతో గోల్ గీసి, నీ కుడి కాలికి తాడు కట్టి, ఎడమ కాలితో తన్నించింది ఎవరో మరి. ఆరేళ్లుగా ప్రతి మ్యాచ్‌కీ ఆరు పేజీలు రాసేది ఎవరో. మన వీధిలో అదే పత్రిక ఇరవై ఇళ్లకి వస్తుంది. కిరాణా కొట్టు ఆవిడ, "మీ చెల్లిది పుట్టుకతో వచ్చిన విద్య అండీ" అంది. అవునండీ అన్నాను. ఇంకేమంటాను?

పొడుగు రైట్ బ్యాక్ గురించి అడిగావు. బయటి నుంచే వెళ్లు. మైదానం అంచు గీత పట్టుకుని పరుగెత్తు, ప్రతిసారీ. అరవై నిమిషాలకి ఆవిడ అలసిపోతుంది. లోపలికి మాత్రం రాకు, అక్కడ జనం ఎక్కువ. అంతే. బొమ్మ వేయలేదు. సహజంగా వచ్చినదానివి, నీకు బొమ్మలెందుకు?

మేనేజరుగారికి లైసెన్సు వచ్చింది. స్వీటు డబ్బా పట్టుకొచ్చి, "అంతా మీ చలవే" అన్నారు. ఆ మాత్రం మర్యాద కొందరికి ఉంటుంది.

ఉంటాను,
అక్క


ఆదివారం

పొట్టీ,

నిన్న రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. ఇవాళ నువ్వు చదివి చింపేసినా సరే, రాసేస్తాను.

నిన్న మ్యాచ్ మొదలవగానే ఒక కన్నుతోనే చూశాను. నువ్వు నా మాట విని గీత పట్టుకుని పరుగెడతావని నాకు తెలుసు. ఎదుటివాళ్ల గురించి నేను రాసినదాన్ని ఆరేళ్లలో ఏ ఒక్కసారీ దాటలేదు. నాలుగో నిమిషంలో నీకు బంతి వచ్చింది. ఆ పొడుగు మనిషి నీకు బయటి దారి వదిలి నిలబడింది. నువ్వు బయటికి వెళ్తున్నట్టు భుజం వంచి లోపలికి తిరిగావు. ఆవిడ తిరిగేలోపు నువ్వు పెనాల్టీ బాక్సులో ఉన్నావు. గోల్. యాభయ్యో నిమిషంలో మళ్లీ లోపలికే వచ్చి, మీ ఫార్వర్డ్‌కి పాస్ ఇచ్చి, ఇంకో గోల్ కొట్టించావు.

అమ్మ సోఫా ఎక్కి అరిచింది. నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను, ఆ అరుపులు వినపడకుండా. నా చెల్లెలు సెమీఫైనల్లో గోల్ కొడితే నేను చేసిన పని అది.

ఎందుకో నీకు అర్థమయ్యే ఉంటుంది. ఆ ఉత్తరంలో నేను రాసింది అబద్ధం. ఆ రైట్ బ్యాక్ నీకంటే వేగంగా పరుగెడుతుంది, తొంభై నిమిషాలైనా అలిసే రకం కాదు. ఎదుటివాళ్లు బయటి నుంచి పోవాలనే ఆవిడ ఎదురుచూస్తుంది, పక్కన పరుగెత్తి ఆ పొడుగు కాలితో బంతి లాగేసుకోవడానికి. లోపలికొస్తే మాత్రం తిరగలేదు. నాలుగు నెలల కిందటి ఉత్తరంలో ఇదంతా నేనే బొమ్మ వేసి మరీ రాశాను. నువ్వు ఆ ఉత్తరం ఎప్పుడో పారేసి ఉంటావనుకున్నాను. నీ కాంట్రాక్టు ఈ మ్యాచ్ మీద ఉందని తెలిసే ఈసారి తిప్పి రాశాను. ఫ్రిజ్ మీద నీ ఫోటో చూసి చూసి ఒళ్లు మండి రాశాను. పోస్టు డబ్బాలో వేసి వెనక్కి వస్తుంటే నాకు హాయిగా ఉంది. అది కూడా నీకు తెలియాలి.

నాకు అర్థం కానిది ఒకటే. నువ్వు నా మాట ఎందుకు వినలేదు? ఎప్పటి నుంచి వినడం మానేశావు? నా ఉత్తరాలు విప్పుతున్నావా, లేక అలాగే పెట్టెలో పడేస్తున్నావా? నిన్న నేను రాసినట్టు ఆడి ఉంటే నువ్వు నాశనమయ్యేదానివి. ఆడలేదు, కాబట్టి నా అవసరం నీకు లేదని తేలింది. ఈ రెండింటిలో నాకు దేనికి ఎక్కువ ఏడుపు వస్తోందో చెప్పలేను.

ఇక నీకు రాసే అర్హత నాకు లేదు. ఫైనల్ బాగా ఆడు.

అక్క


గురువారం

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చింపలేదు. ఏ ఉత్తరమూ చింపలేదు. నువ్వొకటి ఒప్పుకున్నావు, ఇప్పుడు నా వంతు. మధ్యలో ఆపకుండా చివరిదాకా చదువు.

నీ ఉత్తరాలు నేనొక్కదాన్నే చదవట్లేదు. మూడున్నరేళ్ల కిందట ఒకరోజు బస్సులో నీ ఉత్తరం చదువుకుంటుంటే చీటీల మాస్టారు పక్కన కూర్చుని తొంగి చూశాడు. రెండు పేజీలు చదివి, ఇంకా ఉన్నాయా అన్నాడు. ఆ రోజు నుంచి నీ ప్రతి ఉత్తరం ఆయనకి ఇస్తున్నాను. సొంత విషయాలున్న పేజీలు నేను ఉంచుకుని ఆట పేజీలు ఇస్తాను. ఆయన జిరాక్స్ తీయించి ఫైల్లో పెట్టుకుంటాడు. నల్ల ఇంకు అడిగింది అందుకే, పెన్సిల్ గీతలు జిరాక్స్‌లో పడవు. మధ్యలో ఆడేవాళ్లలో ఎవరు అలసిపోతారని అడిగింది కూడా ఆయనే.

ఇచ్చిన మొదటి నెలలోనే ఒక మీటింగులో ఆయన నీ బొమ్మ తీసి బోర్డు మీద వేశాడు. టీమ్ అంతా చూసింది. "ఇది ఎవరి బుర్ర?" అని కెప్టెన్ అడిగితే, "ఈవిడ అక్కయ్యది" అని నన్ను చూపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతిలో ఖాళీ కవరు పట్టుకుని పోస్ట్‌మ్యాన్‌లా నిలబడ్డాను. నాకు కాళ్లే ఉన్నాయి, బుర్ర నీది అని అందరికీ తెలిసిపోయింది కదా అని ఆ రోజు స్నానాల గదిలో షవర్ కింద ఏడ్చాను.

ఆ తర్వాత ఆర్నెల్లకి మాస్టారు నన్ను పిలిచి, "మీ అక్కయ్యకి ఇక్కడ ఉద్యోగం ఇస్తాం, ఎదుటి టీముల ఆట చూసి రాయాలి, రమ్మను" అన్నాడు. నేను నీకు చెప్పలేదు. ఆయనతో, "అక్క రాదండీ, మోకాలు బాగాలేదు, అమ్మని వదిలి రాలేదు" అని చెప్పాను. నువ్వు వస్తే రోజూ ఆ చప్పట్లు నీకే. నేను నీ చెల్లెల్ని అయిపోతాను. పదకొండేళ్లుగా అందరి దృష్టిలో నువ్వు నా అక్కవి, అది నాకు బాగుంది. ఇంతకంటే మంచి మాటల్లో రాయడం నాకు చేతకాదు.

ఇంటర్వ్యూలో అలా అన్నది కూడా అందుకే. నీ గురించి చెబితే ఆ విలేకరి నేరుగా మన ఇంటికే వచ్చేవాడు.

ఇక సెమీఫైనల్ సంగతి. నీ ఉత్తరం చదవగానే ఇందులో తప్పుందని నాకు అనిపించింది. అప్పుడు నాకేం కలిగిందో తెలుసా? సంతోషం. చిట్టచివరికి అక్క తప్పులో కాలేసింది అని. దాన్ని చూపించి నీ గొప్ప తగ్గిద్దామని మాస్టారి గదికి పరుగెత్తాను. ఆయన చదివి, వెనక్కి తిప్పి చూసి, "బొమ్మేది?" అన్నాడు. లేదన్నాను. "మీ అక్కయ్య నమ్మిన మాటకి బొమ్మ వేయకుండా ఉండదు" అని ఫైల్లోంచి నీ పాత కాగితం తీసి నా ముందు పెట్టి, "ఇలా ఆడు" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఇంట్లో ఏమైనా గొడవా అమ్మా?" అని అడిగాడు.

కాబట్టి ఆ గోల్ నీ మాట విని కొట్టిందే. నువ్వు ఒక్క ఉత్తరం తప్పు రాశావు, నేను నీ మూడేళ్లు తిన్నాను. మాస్టారికి మొన్న నిజం చెప్పేశాను. నీ నంబరు ఇచ్చాను. సోమవారం ఫోన్ చేస్తాడు. నువ్వు వస్తే రాకెట్‌కి కూడా రాయాల్సి వస్తుంది. అది తలుచుకుంటేనే నాకు కడుపు భగ్గుమంటోంది. అయినా వద్దనకు.

నీ,
పొట్టి


ఆ పై గురువారం

ప్రియమైన పొట్టీ,

నీ ఉత్తరం చదివి, బ్యాగులో పెట్టుకునే పాఠాలకి వెళ్లాను. పాఠానికి వచ్చిన ఒకమ్మాయి పొరపాటున రివర్స్ గేరు వేసి చెత్తకుండీని గుద్దింది. "మూడేళ్లు" అని అరిచాను ఆ అమ్మాయి మీద. పాపం, అది చేరి మూడు రోజులే. నిన్ను క్షమించానని రాయను, ఇంకా లేదు. నువ్వు కూడా నన్ను క్షమించానని రాయలేదు, గమనించాను.

మాస్టారు సోమవారం ఫోన్ చేశారు. ఉద్యోగం సంగతి మాట్లాడాక, "మొదటి పని ఇప్పుడే ఇస్తాను. మన చివరి ఐదు మ్యాచ్‌లు చూసి, ఫైనల్లో ఎడమ వింగ్‌లో మొదట ఎవర్ని దించాలో రాసి పంపండి, మీ చెల్లెల్నా, కొత్త పిల్లనా" అన్నారు. ఇది తప్ప ఇంకేదైనా అడగండి అన్నాను. "చెల్లెలి గురించి నిజం రాయగలిగితే మీరు ఎవరి గురించైనా రాయగలరు. నేను ఇంకో ఇద్దర్ని కూడా అడుగుతున్నాను, భయపడకండి" అన్నారు. భయపడకుండా ఎలా ఉంటాను?

ఐదు మ్యాచ్‌లూ చూశాను. ఒకసారి బంతి వెంట, ఒకసారి నీ వెంట, ఇంకోసారి ఆ పిల్ల వెంట. బంతి లేనప్పుడు అది ఒక్క క్షణం నిలబడదు. నువ్వు అరగంట దాటాక నిలబడుతున్నావు, అది బద్ధకమని ఇన్నాళ్లూ తిట్టాను. బద్ధకం కాదు. ఊపిరి అందట్లేదు. నీ ఎడమ మడమ నొప్పి పెడుతోంది, నాకు చెప్పలేదు. ఫైనల్లో వాళ్ల రైట్ బ్యాక్ కుర్రది, కాళ్లు వేగం, బుద్ధి నెమ్మది. మొదటి గంట దాన్ని పరుగెత్తించి అలసగొట్టాలి, అది రాకెట్ పని. అరవయ్యో నిమిషంలో నువ్వు దిగితే ఆ అలసిన మనిషి నీ తెలివిని ఒక్కసారి కూడా ఆపలేదు. అలాగే రాశాను. ముందు రాకెట్, తర్వాత నువ్వు. బొమ్మ కూడా వేశాను.

మొదటి నిమిషం నుంచి నువ్వు దిగకపోతే నీ రెండేళ్లు పోతాయని నాకు తెలుసు. ఆయన నా మాట విన్నా వినకపోయినా, నేనేం రాశానో ముందు నీకే తెలియాలి.

పంపేముందు నా మీద నాకే అనుమానం వచ్చింది. ఇది కళ్లు రాసిందా, ఆ పాత మంట రాసిందా? కలం పక్కన పెట్టి, గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను, ఆ తప్పుడు ఉత్తరం పోస్టులో వేసిన రోజులాంటి హాయి లోపల ఎక్కడైనా పుడుతుందేమోనని. పిసరంత పుట్టినా ఆ కాగితం చింపేసి, ఈ ఉద్యోగం నాకొద్దని ఆయనకి చెప్పేసేదాన్ని. గంట కూర్చున్నాను పొట్టీ. ఏడుపు తప్ప ఏమీ రాలేదు. అందుకే వెళ్లి పోస్టులో వేసి వచ్చాను.

నీ,
అక్క